గురువైన మూడేళ్ళకే బిషప్: డోర్నకల్ అజరయ్య గారు తెల్లదొరల మనిషేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మమ్మ గారింట్లో గోడ మీద ఉండే ఫోటో బిషప్ అజరయ్య గారిదని ఈమధ్యే తెలిసింది. 1909లో గురువుగా, అంటే చర్చి పాస్టరుగా, అభిషేకం పొందిన మనిషి 1912 చివరికల్లా బిషప్ ఎలా అయ్యారు? తిరునెల్వేలి తమిళుడికి డోర్నకల్‌తో ఏం పని? గాంధీకి ఆయనంటే గిట్టదనీ, ఆయన తెల్లదొరలు కూర్చోబెట్టిన బొమ్మ అనీ మీ స్నేహితుడు అంటున్నది నిజమా?

ముందే చెబుతాను. బొమ్మ కాదు. ఆయనను బిషప్‌ను చేయవద్దని గట్టిగా అడ్డుపడిన వాళ్ళలో తెల్ల మిషనరీలే ఎక్కువ. అలాగని స్వాతంత్ర్య సమరయోధుడూ కాదు. కొందరు క్రైస్తవ వక్తలు జయంతి సభల్లో ఆయనకు ఆ బిరుదు తగిలిస్తుంటారు, అదీ సరికాదు. గాంధీతో విభేదం మాత్రం నిజం. అయితే మీ స్నేహితుడు అనుకుంటున్న రకం విభేదం కాదు.

నా సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మా తాత ఆయన అధ్యక్ష ఖండంలో, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతంలో, పల్లె ఉపదేశి. నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సెలవుల్లో పాత బాప్తిస్మ రిజిస్టర్లు తిరగేయడం, మానుకోట, ఖమ్మం, మధిర వైపు పల్లెల్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించడం నాకున్న వ్యసనం. కాబట్టి తటస్థుణ్ణని చెప్పుకోను. మా ఇంటి అన్నం ఆ ఉద్యోగం నుంచే వచ్చింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి శాఖ) గురువు. నాడార్ కుటుంబం. ఆ రోజుల్లో గుడి చుట్టుపక్కలకు కూడా రానివ్వని కులం అది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కుర్రవాడికి పదిహేనేళ్ళప్పుడు తండ్రి పోయారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు కానీ చివరి పరీక్ష వేళకు జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు. వేదాంత కళాశాల గడప తొక్కింది లేదు. 1895లో క్రైస్తవ యువకుల సంఘమైన వై.ఎం.సి.ఏ.లో ఉద్యోగంలో చేరి పద్నాలుగేళ్ళు దక్షిణాది అంతా రైళ్ళలో తిరిగారు. డిగ్రీ లేని ఈ మనిషికి 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మా విద్యార్థులకు ఈ ముక్క చెప్పినప్పుడల్లా వెనక బెంచీల నుంచి చప్పట్లు వినిపించేవి.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్ళయింది. కట్నం తీసుకోలేదు. దక్షిణ భారతంలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆవిడ ఒకరు. ఆవిడ గురించి విడిగా రాయాల్సినంత ఉంది. డోర్నకల్‌లో ఆడవాళ్ళ పని అంతా ఆవిడ చేతి మీదుగానే నడిచింది. కానీ ఎవరి ఇంటి గోడ మీదా ఆవిడ ఫోటో విడిగా కనబడదు.

ఇక డోర్నకల్ ఎందుకు? 1902లో అజరయ్య పని మీద శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మిషనరీలను బయటికి పంపుతున్నారు. తిరునెల్వేలిలో అంతకన్నా పెద్ద సంఘం ఉన్నా ఆ పని చేయడం లేదు. ఆయనకు సిగ్గనిపించింది. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. షరతు ఒకటే: మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే. పనిచేయడానికి వాళ్ళు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. అప్పటికే అది రైల్వే జంక్షన్. అక్కడి నుంచి సింగరేణి బొగ్గు గనులకు లైను చీలుతుంది. చుట్టూ అడవి, మలేరియా, దొరల వెట్టి.

అంటే తెలుగు పల్లెకు ఆయన తెల్లవాళ్ళ తరఫున రాలేదు, తిరునెల్వేలి తాటిచెట్ల కింద పోగైన అణాల తరఫున వచ్చారు. తమిళులైనా మనకు పరాయివాళ్ళే, అ ఆల దగ్గర నుంచి తెలుగు నేర్చుకోవలసిన మిషనరీలే. అజరయ్య కొన్నేళ్ళు దూరం నుంచి సొసైటీ వ్యవహారాలు చూసి, 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, కుటుంబంతో సహా వచ్చి డోర్నకల్‌లో స్థిరపడ్డారు. మద్రాసులో పెద్ద పేరున్న మనిషి ఇలా అడవిలో దిగడం ఆయన స్నేహితుల్లో చాలామందికి మింగుడుపడలేదు.

మూడేళ్ళలో బిషప్ ఎలా అయ్యారు? ఆంగ్లికన్ పద్ధతిలో మూడు అంతస్తులు ఉంటాయి: డీకన్, గురువు, బిషప్. డీకన్‌ను, గురువును అభిషేకించేది బిషప్. బిషప్‌ను అభిషేకించేది తోటి బిషప్పులు. ఆ చేతుల వరుస అపొస్తలుల దాకా తెగకుండా వెళుతుందని వాళ్ళ నమ్మకం. మామూలుగా ఒక మనిషి గురువుగా ఇరవై, ముప్పై ఏళ్ళు పనిచేశాక ఆ పదవి వస్తుంది. ఇక్కడ అలా జరగకపోవడానికి ముఖ్య కారణం అప్పటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. మద్రాసులో కూర్చుని ఈ తెలుగు పల్లెలను ఒక ఆంగ్లేయుడు చూసుకోవడం కుదరని పని అనీ, భారతీయుడు బిషప్ కావాలనీ, ఆ భారతీయుడు అజరయ్యేననీ ఆయన పట్టుబట్టారు. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండటం కూడా కలిసొచ్చింది. బ్రిటిష్ ఇండియాలో బిషప్ నియామకానికి ఉండే చట్టపు చిక్కులు ఇక్కడ కొంత తేలికయ్యాయి. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అభిషేకం జరిగింది. అప్పుడు ఆయన వయసు 38.

అడ్డుపడినవాళ్ళు రెండు రకాలు. ఒకరు, భారతీయుడి కింద పనిచేయడమేమిటి అనుకున్న యూరోపియన్ మిషనరీలు. రెండోవారి సంగతి మన సభల్లో ఎవరూ చెప్పరు: నాడార్ మనిషి బిషప్ కావడం సహించలేని తిరునెల్వేలి క్రైస్తవుల్లోని పై కులాల వాళ్ళు. తెల్లవాళ్ళకు రంగు అడ్డు, మనవాళ్ళకు కులం అడ్డు. రెండింటినీ దాటుకుని వచ్చిన మనిషిని బొమ్మ అనడం అన్యాయం.

దీనికి రెండేళ్ళ ముందు జరిగిన ఎడిన్‌బరో సంగతి మీరు ఎక్కడో చదివే ఉంటారు. 1910 జూన్‌లో అక్కడ ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల పైచిలుకు, వాళ్ళలో ఆసియావాసులు ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య లేచి, మిషనరీలకూ భారతీయ పనివాళ్ళకూ మధ్య ఉన్న సంబంధం యజమానికీ జీతగాడికీ ఉండేదిలా ఉందని మొహం మీదే చెప్పారు. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన ప్రేమ అధ్యాయాన్ని అందుకుని, మీరు బీదల కోసం ఆస్తులు ఇచ్చారు, కాల్చబడటానికి శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముగించారు. సభలో కలకలం రేగింది. కొందరు మిషనరీలకు బాగా కోపం వచ్చింది. బిషప్ పదవికి ఆయన పేరు పరిశీలనలో ఉన్న రోజుల్లో అన్న మాటలివి. దొరల దయ మీద ఆధారపడేవాడు అలా మాట్లాడడు.

ఆ ప్రసంగం గొప్పదే. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆయనను అంచనా వేయడానికి ఎడిన్‌బరో సరైన చోటు కాదు. ఒక్క ప్రసంగంతో పేరు తెచ్చుకుని తర్వాత ఏమీ చేయని వాళ్ళు ఎందరో ఉన్నారు. ఈయన ఆ తర్వాత బిషప్‌గా ముప్పై రెండేళ్ళు పల్లెల్లో తిరిగారు. ఎద్దుబండి మీద, సైకిలు మీద, కాలినడకన. చూడవలసింది అక్కడ.

బిషప్‌గా ఆయన చేతికి మొదట వచ్చింది చిన్న ప్రాంతం. 1920ల తొలి సంవత్సరాల్లో కృష్ణా వైపు ఉన్న ఆంగ్లికన్ మిషన్ ప్రాంతాలు కూడా కలిశాయి. ఇంగ్లీషు మిషనరీలు భారతీయ బిషప్ కింద పనిచేయవలసి వచ్చింది. పదేళ్ళ ముందు ఊహకు కూడా అందని మాట. 1930ల నడిమికి సంఘస్తుల సంఖ్య రెండు లక్షల దరికి చేరింది. నూరుకు పైగా భారతీయ గురువులు, రెండు వేల మందికి పైగా పల్లె ఉపదేశులు. వచ్చినవాళ్ళలో అత్యధికులు మాలలు, మాదిగలు. తర్వాత ఎరుకల, వడ్డెర వంటి కులాల వాళ్ళు, కొన్నిచోట్ల రైతు కులాల వాళ్ళు కూడా వచ్చారు.

ఆ రెండు వేల మంది ఉపదేశులే ఆయన అసలు సృష్టి. ఉపదేశి అంటే ఏమిటో ఈ తరం వాళ్ళకు తెలియదు. పగలు కూలికి పోయిన పిల్లలకు రాత్రి కిరసనాయిలు దీపం పెట్టి బడి, ఆదివారం ఆరాధన, జ్వరమొస్తే మందు, కరణం ఇంటికి వెళ్ళి అర్జీ రాయడం, పెళ్ళి, చావు అన్నీ అతని మీదే. అతనూ అదే పల్లెలో, అదే గుడిసెలో పుట్టినవాడు. మా తాతకు ఐదో తరగతి దాటి చదువు లేదు. కానీ కీర్తనలన్నీ నోటికి వచ్చు, చక్రవడ్డీ లెక్క కూడా వచ్చు. రెండోది రావడం వల్లే షావుకారుకు ఆయనంటే పడేది కాదని మా నాన్న చెప్పేవాడు. పల్లెను పట్టిన నాలుగు దయ్యాలు మురికి, రోగం, అప్పు, తాగుడు అని అజరయ్య అనేవారు. పరపతి సంఘాలు, దవాఖానాలు, ముద్రణాలయం అన్నీ ఆ నాలుగింటి మీద యుద్ధానికే.

కన్ఫర్మేషన్ ఆరాధనలో, అంటే బాప్తిస్మం పొందినవాళ్ళను బిషప్ వచ్చి స్థిరపరిచే ఆరాధనలో, ఆయన చేయించిన ఒక పని నేను కనీసం డజను మంది ముసలివాళ్ళ నోట విన్నాను. పుస్తకాల్లోనూ ఉంది. ప్రతి ఒక్కరినీ తమ చెయ్యి తమ తల మీద పెట్టుకోమని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (అంటే కీడు) అని పలికించేవారు. మధిర దగ్గర ఒక పల్లెలో తొంభై దాటిన ఒక అవ్వ నాకు ఆ మాట చెబుతూ తెలియకుండానే చెయ్యి తల మీద పెట్టుకుంది. తల మీద చెయ్యి పెట్టుకోవడం మన పల్లెల్లో ప్రమాణం. అందుకే అది అంత లోతుగా దిగింది. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకపు తెలుగు అనువాదం ఎవరికి ఎంత అర్థమయ్యేదో నాకు అనుమానమే. ఆ ఒట్టు మాత్రం అందరికీ అర్థమైంది.

గాంధీ విషయానికి వస్తాను. ఇక్కడ నేను కూడా చాలా ఏళ్ళు తప్పు చెప్పాను. వాళ్ళిద్దరూ అన్ని విషయాల్లోనూ ఎదురెదురు అన్నట్టు పాఠం చెప్పేవాణ్ణి. అలా కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య బహిరంగంగా వాదించారు. సంఘం ఓట్ల కోసం విడిగా నిలబడే మతవర్గంగా మారితే అది సంఘంగా మిగలదని ఆయన భయం. ఈ ఒక్క విషయంలో ఆయన, గాంధీ ఒకే వైపు.

తగవంతా మతమార్పిడి దగ్గర. 1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. ఆ తర్వాత వాతావరణం బాగా వేడెక్కింది. తెలుగు పల్లెల్లో జరుగుతున్న సామూహిక బాప్తిస్మాల గురించి అజరయ్య రాసిన లెక్కలనూ, పై కులాల వాళ్ళు కూడా వస్తున్నారన్న మాటనూ గాంధీ తన హరిజన్ పత్రికలో ప్రశ్నించారు. ఆకలితో ఉన్నవాడి దగ్గరికి వెళ్ళి మతం మార్చడం ఏమిటని గాంధీ వాదన. బీదవాడికి కూడా తన దేవుణ్ణి తాను ఎంచుకునే బుద్ధి, హక్కు ఉన్నాయని అజరయ్య వాదన. దాన్ని ఆయన పుస్తకం చదివి చెప్పలేదు. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టి చెప్పారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

ఎవరిది ఒప్పు? రిజిస్టర్లు చదివిన వాడిగా నాకు తోచింది చెబుతాను. గాంధీ అనుమానం ఉట్టిది కాదు. బడి కోసం, వెట్టి నుంచి తప్పించుకోవడం కోసం, పట్వారీ ఎదుట మాట్లాడే అయ్యగారు ఒకరు దొరుకుతారని వచ్చినవాళ్ళు ఉన్నారు, చాలామందే ఉన్నారు. ఒకే రోజు ఒకే పల్లెలో నలభై పేర్లు రిజిస్టరుకెక్కితే అన్ని గుండెలూ ఒకేసారి మారాయని నేను చెప్పను. కానీ అదే రిజిస్టరులో ఇరవై ఏళ్ళ తర్వాతి పేజీలు తిప్పితే ఆ నలభై మంది పిల్లలు సంతకం చేయడం కనిపిస్తుంది. తండ్రి పేరు ఎదుట వేలిముద్ర, కొడుకు పేరు ఎదుట వంకర టింకర అక్షరాలు. రెండు వాదనల్లోనూ ఆ అక్షరాలకు చోటు లేదు.

పొగడ్తలతో పాటు వినవలసినవి కొన్ని ఉన్నాయి. కులాన్ని సంఘంలో రూపుమాపాలని ఆయన నిజంగా తాపత్రయపడ్డారు, కానీ సాధించలేకపోయారు. ఒకే ఊళ్ళో మాల గుడి, మాదిగ గుడి వేరుగా నిలబడినవి నేను కళ్ళారా చూశాను. ఒక ఊళ్ళో రెంటికీ మధ్య దూరం వంద గజాలు. తమిళుల పెత్తనం ఎక్కువైందన్న గొణుగుడు తెలుగు గురువుల ఇళ్ళల్లో ఉండేదని కూడా నాకు చెప్పినవాళ్ళున్నారు. బ్రిటిష్ పాలన మీద ఆయన కత్తి దూయలేదు. ఉద్యమాల పట్ల జాగ్రత్తగానే మసలుకున్నారు. మీ స్నేహితుడు ఈ వైపు నుంచి వాదిస్తే కొంత పట్టు ఉంటుంది. బొమ్మ అన్న మాటతో మాత్రం ఉండదు.

సంఘాల ఐక్యత గురించి మీరు అడగలేదు కానీ ఆయన జీవితంలో సగం అదే. 1919 మే మొదటి రెండు రోజులు తమిళ దేశంలోని తరంగంబాడిలో వేర్వేరు ప్రొటెస్టెంటు శాఖల వాళ్ళు ముప్పై మూడు మంది కూర్చుని, మనం ఒకటి కావాలని ఒక ప్రకటన చేశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఇంగ్లండులో మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో కొట్టుకుని విడిపోతే, ఖమ్మం వైపు కూలివాడు ఆ తగాదాను ఎందుకు మోయాలి? స్థూలంగా వాళ్ళ ప్రశ్న అది. విభజన పాశ్చాత్య దేశాల్లో బలహీనత అయితే కావచ్చు గానీ, ఇక్కడ అది పాపమనీ సిగ్గుచేటనీ 1927లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన సంఘాల మహాసభలో అజరయ్య అన్నారు. చిక్కుముడి అంతా బిషప్ దగ్గరే పడింది. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అనే వేరే శాఖల గురువులకు బిషప్ చేతి అభిషేకం లేదు. వాళ్ళను మళ్ళీ అభిషేకించాలంటే అవమానం, వద్దంటే ఆంగ్లికన్ల మూలసూత్రమే పోతుంది. ఉన్నవాళ్ళను ఉన్నట్టే అంగీకరించి, ఇకపై వచ్చేవాళ్ళను బిషప్పులే అభిషేకించాలని రాజీ కుదరడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అనేది, పుట్టింది. తమాషా ఏమిటంటే తెలుగు ఆంగ్లికన్లలోనే నంద్యాల వైపు వాళ్ళు చాలామంది అందులో చేరక బయటే ఉండిపోయారు. వాళ్ళు వచ్చి కలిసింది 1975లో.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన చర్చి గురించి ఒక్క మాట. ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. కట్టడానికి ఏళ్ళు పట్టింది, ఎందుకంటే పల్లెల కానుకలు అలాగే వస్తాయి: గుప్పెడు బియ్యం, కోత పండుగనాడు ఒక కోడి, ఒక గుమ్మడికాయ. బీదవాడు ఇవ్వలేడని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇవ్వనివ్వకపోవడమే అవమానం అనేవారట. గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు గుడి మండపాన్ని. ఇంగ్లీషు పల్లె చర్చి నకలు కట్టడం ఆయనకు చాలా సులువు, పైగా చవక.

ఈసారి వెళితే ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగి, జనం వెళ్ళాక స్తంభాల మీది తామరలు తీరిగ్గా చూడండి. అమ్మమ్మ గారి ఊరు ఏదో, వాళ్ళ నాన్న పేరు బాప్తిస్మానికి ముందు ఏమిటో కనుక్కుని ఇక్కడ రాయండి. ఏ పాస్టరేటు (ఒక పాస్టరు కింది ఊళ్ళు) రిజిస్టరు చూడాలో చెబుతాను. ఆ పాత పేరు లేకుండా మాత్రం వెతకలేం. ఆ పుస్తకాల్లో యేసుదాసులు, మరియమ్మలు వందల్లో ఉంటారు.